అమ్మ ఏరిన కందులు

నా చిన్నప్పుడు, తమ్ముడు ఇంకా అమ్మ కడుపులో ఉన్న ఆ ఆషాఢమంతా, మా నాయనమ్మ చేతిలో చేట నిలిచేది కాదు.

మైదానం నుంచి వచ్చి గూడెం కొండల్లో దుకాణం పెట్టుకున్న కుటుంబం మాది. సంతరోజు కొండవాళ్లు తెచ్చే చింతపండూ కందులూ కొని, వాళ్లకు ఉప్పూ కిరసనాయిలూ అమ్మేవాళ్లం. అమ్మకు నెలలు నిండుతున్న వేళకు వానలు పట్టుకున్నాయి. గెడ్డలూ వాగులూ పొంగి కొండదారిలో బళ్లు ఆగిపోయాయి. కింద ఆసుపత్రికి దిగే మార్గమే లేదు.

పక్క ఊరి మంత్రసాని ఒకనాడు వచ్చి అమ్మ పొట్ట తడిమి చూసింది. నవ్వుతూనే లేచి, వసారాలోకి వెళ్లి నాయనమ్మ చెవిలో ఏదో చెప్పింది. మర్నాటి నుంచే కందులు ఒలకడం మొదలైంది.

“సేతులు పట్టు తప్పిపోతన్నాయే కోడలా! నేను వొంగలేను గదా, కాసింత ఏరిపెట్టమ్మా,” అనేది నాయనమ్మ. అమ్మ పీట వేసుకుని ఏరబోతే ఒప్పుకునేది కాదు. “అలక్కాదు. సేతులూ మోకాళ్లూ నేలకానించి ఏరు. మూలకెళ్లిపోనాయి సూడు.”

అమ్మ చంటిపిల్లలా పాకుతూ ఏరేది. పక్కనే నేనూ పాకేదాన్ని. ఒక్కోసారి తలలు ఢీకొని ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నాయనమ్మ మాత్రం నవ్వేది కాదు.

నిండు మనిషిని అలా కష్టపెడుతోందని నాకు నాయనమ్మ మీద ఒళ్లుమంటగా ఉండేది. ఒకరోజు ఆవిడ చేటను కావాలనే వంచడం కళ్లారా చూశాను. అమ్మతో చెప్పేస్తానన్నాను. నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

“సెప్పకే గుంటా. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందంట. అలాగ పాకితే సర్దుకుంటాదేమో అంది మంత్రసాని. మీ యమ్మకి తెలిస్తే బెంగతో మంచం పట్టేస్తాది.”

నాయనమ్మ నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. ఒట్టు వేశాను. ఆ తర్వాత చేట జారగానే అందరికంటే ముందు మోకాళ్ల మీద పడేదాన్ని నేనే.

శ్రావణంలో ఒక వానపొద్దున అమ్మకు నొప్పులొచ్చాయి. నాన్న తడుస్తూ వెళ్లి మంత్రసానిని తీసుకొచ్చాడు. అడ్డంగా ఉన్న బిడ్డ నిలువైంది గానీ, తల కిందికి రాలేదట. తమ్ముడు ఎదురుకాళ్లతో పుట్టాడు. పుట్టాక ఎంతకీ ఏడవలేదు. తలుపు ఇవతల నాన్నా నేనూ చెవులు ఆనించి నిలబడ్డాం. మంత్రసాని వీపు రుద్దగా రుద్దగా సన్నగా ఒక కేక వినబడింది. దాని వెంటే నాయనమ్మ ఏడుపు, అంతకంటే పెద్దగా.

ఎదురుకాళ్లవాడు తొక్కితే నడుంనొప్పి పోతుందని మా వైపు నమ్మకం. వాడికి నడక రాగానే సంతకొచ్చినవాళ్లు మా అరుగు మీద బోర్లా పడుకుని తొక్కించుకునేవారు. వాడు కూలిగా బెల్లంముక్క అడిగేవాడు.

అది తర్వాతి సంగతి. అమ్మకు పురుటి స్నానం అయిన రోజు నేనిక ఆగలేకపోయాను. నాయనమ్మ కందులు కావాలనే ఒలకబోసేదని చెప్పేశాను. అమ్మ తమ్ముడికి పాలిస్తూ నావైపు చూసింది.

“నాకు తెల్దేటే? నా పొట్ట మీద మంత్రసాని సెయ్యి ఆగినప్పుడే తెలిసిపోనాది. నాకు తెలుసునని తెలిస్తే మీ నాయనమ్మ తట్టుకోలేదని ఊరుకున్నాను. నువ్వూ అనకు.”

నేను అనలేదు. వాళ్లిద్దరూ బతికినన్నాళ్లూ ఒకరితో ఒకరు ఆ మాట అనుకోనూ లేదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఈమధ్య నన్ను డాక్టరుకు చూపించి తీసుకొచ్చాక, నా కొడుకూ కోడలూ వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నేను వెళితే నవ్వుతారు. సాయంత్రం కాసేపు నడిచి రమ్మంటుంది కోడలు, బయట గాలి బాగుందట. ఎందుకని నేను అడగను. గాలి నిజంగానే బాగుందని చెప్పి, చెప్పులు తొడుక్కుని బయల్దేరతాను.