కుడి స్ప్రింగుకు వేసిన నాలుగు చుట్లు

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. అన్నం దాని పక్కనుంచే దిగుతుంది, నీళ్లూ దాని పక్కనుంచే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

నేను సిరొంచలో మోటారు సైకిళ్లు బాగుచేస్తాను. మంచి పనివాడినని పేరు. ఆ పేరే నన్ను ముంచింది అని రాయబోయాను. చూశారా, మొదట్లోనే తప్పును పేరు మీదికి నెట్టేస్తున్నాను. పేరు ఏం చేస్తుంది? చేసింది నేను.

మా బజారులో సడవలన్న అని గడియారాలు బాగుచేసే మనిషి ఉన్నాడు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. అతడి భార్య పద్మక్క. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను వదినె అనేవాణ్ని, ఆమె మరిదీ అనేది. వాళ్లకు పిల్లల్లేరు. ఆ లోటును బండెక్కి మరిచిపోయేవాళ్లు. దూర ప్రయాణాలకని చేసిన పెద్ద మోటారు సైకిలు ఒకటి పాతది కొని, వెనక ఒక్క చక్రం తీయించి రెండు వేయించుకున్నాడు. గేరు కాలితో వేయలేడు కాబట్టి చేతికి అందేలా కడ్డీ పెట్టించుకున్నాడు. రెండు పక్కలా సామాను పెట్టెలు. ఏటా ఎండలు ముదరకముందే ఇద్దరూ ఎక్కడికో ఒక చోటికి బయలుదేరేవాళ్లు. ఒక ఏడు వేములవాడ, ఒక ఏడు నాగపూర్. చామోర్షి దిక్కు ఎన్నిసార్లు పోయారో లెక్కే లేదు.

ఆ ఏడు పంఢర్‌పూర్ అన్నారు. అంటే మా మరాఠీ రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు. బండికి షాకప్సర్లు చచ్చిపోయి ఉన్నాయి. చక్రం గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బ మనిషి నడుముకు తగలకుండా మింగే స్ప్రింగు గొట్టాలు అవి. మా రోడ్ల సంగతి చెప్పేదేముంది, అహేరి దాకా పోయివస్తేనే వదినె రెండు రోజులు నడుం పట్టుకుని తిరిగేది. మంచివి నువ్వే చూసి తెప్పియ్యి తమ్మీ, నువ్వు ఏది పెడితె గదే అన్నాడు సడవలన్న.

నేను నిజంగా చాలా ఆలోచించి ఎంచాను. అది మాత్రం అబద్ధం కాదు. పాతవాటి లాంటివే మళ్లీ వేస్తే ఆరు నెలలకు చస్తాయి. సామాను ఆటోలకు వేసే గట్టివి వేస్తే మనిషి ఎగిరెగిరి పడతాడు. మూడో రకం ఉన్నాయి. ఎర్ర స్ప్రింగు, పక్కన గ్యాసు డబ్బా, కింద మరలున్న రింగు. రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది, వదిలితే మెత్తబడుతుంది. ఎంత బరువుకు ఎంత బిగించాలో ముందే తెలియాలి. నీ బరువెంత వదినె అని అడిగాను. అమ్మవార్ల జాతరలో మనిషి ఎత్తు బెల్లం తూచి ఇచ్చే మొక్కు ఉంది మాకు. ఆమె నవ్వి, "మొన్ననే అమ్మలకు బెల్లం తూగిన గద, యాభై ఎనిమిది. నువ్వు అరవై రాసుకో మరిదీ, పెట్టెల సకినాలు గూడ వస్తయ్" అంది.

షాకప్సర్లు వచ్చాయి, ఎక్కించాను. అక్కడిదాకా నా చేతిలో తప్పు లేదు.

సడవలన్న ఎక్కి కూర్చున్నాడు. ఎడమకాలు బలం పట్టదు కాబట్టి ఒళ్లంతా కుడి తుంటి మీద వేసి కూర్చుంటాడు. ఎప్పుడూ అంతే. కొత్తవి వేసినా బండి కుడికే ఒరిగింది. నాకు మనసొప్పలేదు. ఇంత మంచి సరుకు తెప్పించి, ఇంకా ఆ మనిషి వంకరగానే కూర్చోవాలా? కొక్కెం పానా తీసుకుని కుడి రింగును నాలుగు చుట్లు బిగించాను. ఎడమది రెండు చుట్లు వదిలాను. బండి సమంగా నిలబడింది.

మంచిర్యాలలో నాకు పని నేర్పిన ఉస్తాదు ఈ విషయంలో చెంప పగలగొట్టి మరీ చెప్పాడు. రెండు దిక్కులా ఒక్కటే లెక్క ఉండాలిరా, ఒక పక్క గట్టి ఒక పక్క మెత్త చేశావో, మలుపులో బండి నీ మాట వినదు అని. నాకు గుర్తుంది. గుర్తుండే చేశాను. ఆయన ఇట్లాంటి మనిషికి ఇట్లాంటి బండి ఎప్పుడు చేశాడు, ఆయనకేం తెలుసు అనుకున్నాను. అంత కావరం.

సరే, నడిపి చూద్దామని ఒక్కణ్నే బండి తీసుకుని ఊరి బయటికి పోయాను. తిన్నటి రోడ్డు మీద వెన్నలాగా పోయింది. ఎడమ మలుపులో బాగుంది. కుడికి తిప్పానో లేదో, ఎడమ పక్క దిగబడిపోయింది, కుడి చక్రం నేల వదిలింది. ఒక్క క్షణం. నేను కిందికి దూకినంత పనైంది. అయ్య బాబోయ్ అని పైకే అన్నాను. మళ్లీ తిప్పి చూశాను, ఈసారి నెమ్మదిగా. మళ్లీ లేచింది, కొంచెమే.

అంటే నాకు తెలుసు. దయచేసి ఈ మాట దగ్గర ఒక్కసారి ఆగండి. పొరపాటున జరిగిందని మీరు నా మీద జాలిపడకూడదు.

తిరిగొచ్చేసరికి ఇద్దరూ షాపు ముందర ఉన్నారు. విప్పి సమం చేస్తానని నోటిదాకా వచ్చింది. ఈలోపే సడవలన్న ఎక్కి కూర్చున్నాడు. నిటారుగా కూర్చున్నాడు. వదినె వెనక్కి పోయి నిలబడి చూసింది. చూసి, "అయ్యో, నీ రెండు భుజాలు ఒక్క తీరుగ ఉన్నయే!" అంది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. పెళ్లయిన నాటి నుంచి వెనక సీటు మీద కూర్చుని ఆమె చూసింది ఒరిగిన వీపే కదా. చాయ్ హోటలాయన వచ్చాడు, పక్క కిరాణాయన వచ్చాడు. ఏం పని చేసినవ్ భై, నాగపూరోళ్లతోని గానిది చేసినవ్ అన్నారు. సడవలన్న అద్దంలో తన భుజాలు తానే చూసుకుంటున్నాడు. అంతమంది ముందర పానా తీసుకుని దాన్ని మళ్లీ వంకర చెయ్యాలి నేను. చెయ్యలేదు. పోనీ, కుడి మలుపుల్లో జర మెల్లగ పోవే అన్నా అని ఒక్క మాటైనా అనొచ్చు కదా? అంటే, ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాల్సి వస్తుంది. అది కూడా అనలేదు. మనిషి ప్రాణం ఒక పక్క, నా మెప్పు ఒక పక్క పెడితే నాకు మెప్పే బరువనిపించిందని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. ఎడమవైపు సీటు మీద ఒక బొంత ముక్క మడిచి పెడితే, సన్నబడ్డ పక్కకు ఆనిక దొరికి ఆ మనిషి అంతే నిటారుగా కూర్చునేవాడు. బొంత ముక్క. ఇది నాకు ఆమె చనిపోయిన మూడో రోజున తట్టింది.

మరునాడు పొద్దున బయలుదేరారు. రేగుంట దాటాక అడవిలో ఒక కుడి మలుపు ఉంది. ఎవరో ఫోన్ చేస్తే టెంపో మాట్లాడుకుని పోయాను. బండి ఎడమ పక్కకు పడి ఉంది. ఇద్దరినీ అప్పటికే జీపులో అహేరి తీసుకుపోయారు. సడవలన్నకు చెయ్యి విరిగింది. వదినె దారిలోనే పోయింది. రోడ్డు మీద సకినాలు చిందరవందరగా పడి ఉన్నాయి. ఒక్కటి కూడా తొక్కకుండా నడవాలని నేను పడిన తిప్పలు నాకే తెలుసు. ఎందుకట్లా నడిచానో తెలియదు.

బండిని టెంపోలోకి ఎక్కించారు. నేను వెనక బండి పక్కనే కూర్చున్నాను, పట్టుకోవాలని. పట్టపగలు. డ్రైవరు ముందు చూస్తున్నాడు. జేబులో కొక్కెం పానా ఉంది. ఇంటి దగ్గర ఫోన్ రాగానే అది ఎందుకు జేబులో వేసుకున్నాను? ఇది నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. ఆమె బతికి ఉందో లేదో ఇంకా తెలియకముందే నా చెయ్యి పానా వెతుక్కుంది. టెంపో ఊగుతుండగా కుడి రింగు నాలుగు చుట్లు వదిలాను, ఎడమది రెండు చుట్లు బిగించాను. చూడటానికి వచ్చిన పోలీసులు బ్రేకులు చూశారు, టైర్లు చూశారు, షాకప్సర్లను చేత్తో నొక్కి చూశారు. రెండూ ఒక్క లెక్క. ఉస్తాదు చూసినా వంక పెట్టడు. మలుపులో జోరుగా పోయాడని రాసుకున్నారు.

పదకొండో నాడు భోజనాలయ్యాక సడవలన్న నన్ను పక్కకు పిలిచాడు. చేతికి కట్టు ఉంది.

"తమ్మీ, నిజం చెప్పు. నేనేమన్న జోరుగ పోయిన్నా? నాకైతె మెల్లగనే పోయినట్టు యాదికున్నది."

నేను వంగి చెప్పులు వెతుక్కున్నాను.

"బండిల ఏమన్న ఉండెనా? నీకు ఎరుకనే ఉంటది గద. ఉంటె చెప్పు, నేనేం అనుకోను."

"బండిల ఏం లేదన్నా. మంచిగనే ఉండె. మలుపు కాడ నీకు తెల్వకుంటనే జర స్పీడయింది గావచ్చు."

అతడు తలూపాడు. "అయితె నా చెయ్యే తమ్మీ," అన్నాడు. "ఈ చెయ్యే తిప్పింది."

ఇంతే జరిగింది. ఆమెను చంపింది ఒక తప్పు. అతడికి ఆ మాట చెప్పింది ఇంకో తప్పు. ఏది పెద్దదని మీరు నన్ను అడిగితే రెండోదే అంటాను. మొదటిది ఒక మలుపు దగ్గర అయిపోయింది. రెండోది రోజూ పొద్దున్నే లేచి ఆ మనిషితో పాటు దుకాణానికి పోతోంది.

అతడు మళ్లీ బండెక్కలేదు. కర్ర పట్టుకుని నడిచే వస్తాడు. బండిని నా దగ్గరే ఉంచమన్నాడు. షాపు వెనక రేకుల కింద ఉంది. సామాను పెట్టెలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. నా భార్య ఆ గుడ్లు తెచ్చి వండుతుంది, నేను తినను, వేడి చేస్తుందంటాను. పానా ఇంకా అదే వాడుతున్నాను. వేరేది కొనుక్కోవచ్చు. కొనుక్కుంటే ఎందుకని నన్ను నేనే అడుగుతానని కొనలేదు. అహేరి బస్సులో పోయేటప్పుడు రేగుంట దాటగానే కళ్లు మూసుకుంటాను. మూసుకున్నా లాభం లేదు. మలుపు రాగానే నా ఒళ్లు దానంతటదే కుడికి ఒరుగుతుంది, లేచే చక్రాన్ని అదిమిపెట్టడానికి. పక్క సీటువాళ్లు విసుక్కుంటారు. పని చేస్తూ ఉంటే వెనక ఎవరో నిలబడి నా భుజాలు చూస్తున్నట్టుంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఉంటే బాగుండునని ఈమధ్య అనిపిస్తోంది.

ఎందుకు చెప్పలేదు? మొదట జైలు భయం అనుకున్నాను. తర్వాత వదినె అన్నదమ్ముల భయం అనుకున్నాను. కొన్నాళ్లు ఇంకా గొప్ప కారణం ఒకటి తయారుచేసుకున్నాను. నిటారుగా కూర్చున్న ఆ ఒక్క పూట సంతోషం కూడా నా మాయేనని తెలిస్తే పాపం అతడేమైపోతాడో, ఆ ఒక్కటైనా మిగలనీ అని. వినడానికి ఎంత బాగుందో చూడండి. దొంగ దయ. అసలు సంగతి ఇది: అతడు నన్ను తమ్మీ అని పిలవడం నాకు ఇంకా కావాలి.

పోయిన వారం సడవలన్న వాళ్ల అన్న కూతురికి బిడ్డ పుడితే తొట్టెలలో వేశారు. మమ్మల్ని పిలిచారు. ఆ పిల్ల బిడ్డను తెచ్చి, "పట్టుకో చిన్నబాపు" అని అతడి ఒడిలో పెట్టబోయింది. సడవలన్న చేతులు వెనక్కి తీసుకున్నాడు. గడియారంలోని వెంట్రుకంత స్ప్రింగును వణకకుండా పట్టుకునే చేతులవి. "వద్దు బిడ్డా, ఈ చేతులు మంచియి గావు. మా తమ్మికియ్యి," అన్నాడు. ఆ పిల్ల బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

పట్టుకున్నాను. ఏం చెయ్యను, అందరూ చూస్తున్నారు. మళ్లీ అదే, అందరూ చూస్తున్నారు. బిడ్డ నా వేలు పట్టుకుంది. సడవలన్న దూరం నుంచే చూసి సంతోషంగా నవ్వాడు. నేను ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, కాగితాలు తెచ్చుకున్నాను.

రాశాను. గొంతు కొంచెం ఖాళీ అయింది, ఊపిరి ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీకేం పోయింది కనుక?

ఒక్కటి దాచాను, అదీ చెప్పేస్తాను. మా దిక్కు బడులన్నీ మరాఠీవి. సడవలన్న తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. తెలుగు అక్షరాలు నేను మంచిర్యాలలో పని నేర్చుకునే రోజుల్లో పేపరు చూసి నేర్చుకున్నాను. ఈ కాగితాలు అతడి దుకాణం బల్ల మీద పెట్టి వచ్చినా అతడికి ఒక్క ముక్క తెలియదు. రాయడం మొదలుపెట్టినప్పుడే ఈ సంగతి నాకు తెలుసు. నేనూ ఆ మరాఠీ బడిలోనే ఏడో తరగతి దాకా చదివాను. తప్పు నీ చేతిది కాదన్నా, నాది అని మరాఠీలో ఒక్క వాక్యం రాయడం నాకు బాగానే వచ్చు. అది మాత్రం ఇంకా రాయలేదు.