మునిగిన ఊరి క్వెస్ట్

నాకు అనుమానం ఎక్కువ. కూరగాయల బండి దగ్గర తూకం రాయిని చేత్తో ఎత్తి చూసే మనిషిని. ఇంట్లో వాళ్లు దీన్ని రోగమంటారు. ప్రైవేటు బడిలో తెలుగు చెప్పీ చెప్పీ విసిగిపోయిన నాకు ఆ రోగమే ఒక పని ఇప్పించింది. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ తెలుగులో ఆన్‌లైన్ ఆట ఒకటి నడుపుతుంది. రాజ్యాలు, మంత్రగాళ్లు, మాట్లాడే జంతువులు ఉన్న లోకం అది. ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్లు పట్టుకుని ఒకేసారి అందులో తిరుగుతుంటారు. ఊరికే తిరిగితే రెండు రోజుల్లో విసుగొస్తుంది కాబట్టి వాళ్లకు పనులు అప్పగించాలి. ఫలానా వస్తువు వెతుకు, ఫలానా శాపం విప్పు, ఈ నలుగురిలో అబద్ధం చెప్పేది ఎవరో తేల్చు. వీటినే క్వెస్టులంటారు. వాటిని ఊహించి రాయడం నా పని. కరీంనగర్‌లో మా ఇంటి ముందరి గదిలో కూర్చునే రాస్తాను.

అనుమానం లేనివాళ్లు క్వెస్టులు రాయలేరని నా గట్టి నమ్మకం. నేను రాసిన మొదటిది దారిపక్కన ఊరికే నీళ్లిచ్చే ముసలాయన కథ. ఆ నీళ్లు తాగినవాడి రహస్యాలన్నీ ఆయనకు తెలిసిపోతాయి. జమ్మికుంట పత్తి మార్కెట్‌కు ఒకసారి పని మీద పోయి వచ్చి ఇంకొకటి రాశాను. అందులో ఒక పెద్ద కాంటా ఉంటుంది. అది పత్తిని తూచదు, అమ్మేవాడు ఆడిన అబద్ధాలను తూచుతుంది. ధర్మపురి రేవులో కూర్చుని అల్లింది పడవవాడి క్వెస్ట్. వాడు మూడు ప్రశ్నలు అడుగుతాడు, మూడింటికీ నిజం చెప్పినవాణ్ని నది నడుమ దించేస్తాడు. ఆటగాళ్లు నన్ను తిట్టుకున్నారు, కానీ ఆడారు.

నాతో కలిసి రాసేది ఆదిలాబాద్‌లో ఉండే ఒక అక్క. సొంత అక్క కాదు. కంపెనీ వాళ్లు హైదరాబాదులో పెట్టిన వారం రోజుల శిక్షణలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఆమె నన్ను మొదటి రోజే చెల్లె అంది, నేను అక్కా అన్నాను. ఆటలోని ఊర్లు, అడవులు ఆమెవి. ఆ ఊర్లలో మనుషుల మాటలు నావి. అడుగుజాడలు పోగొట్టుకున్న పులి ఆమె ఊహే. ఎవరో దాని అడుగులు దొంగిలించారు, అవి కనబడక అడవిలో దానికి ఎవరూ భయపడటం లేదు, దొంగను పట్టివ్వాలి. అది విన్న రోజు నాకు అసూయ పుట్టింది. నేనెందుకు దాస్తాను?

క్వెస్ట్ బాగుందో లేదో తెలుసుకోవడానికి నాకు ఒక పద్ధతి ఉంది. అవ్వకు, అంటే మా అమ్మకు, కథలా చెప్తాను. మా అవ్వ బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, ఆ చేతులు మాటల్లో కూడా ఆగవు. నా కథ వింటూ ఆమె చేతులు ఒక్క క్షణం ఆగితే ఆ క్వెస్ట్ పాసైనట్టు. ఆగకపోతే చింపేసి మళ్లీ రాస్తాను. ఈ సంగతి కంపెనీ సార్‌కు తెలియదు, అక్కకు కూడా చెప్పలేదు.

కొత్త క్వెస్ట్ మంగళవారం పొద్దున పదింటికి తెరుస్తారు. ఎంత చురుకైనవాడికైనా మూడు రోజులు పట్టేలా రాస్తాం. అలాంటిది మొన్నటి ఎండాకాలం నుంచి ఒకే ఒక్క ఆటగాడు ప్రతిదీ పావుగంటలో తేల్చేయడం మొదలుపెట్టాడు. పడవవాడికి ఎక్కడ అబద్ధం చెప్పాలో వాడికి తెలుసు. కాంటా దగ్గర ఎవరి సంచి ఎత్తాలో తెలుసు. వెతకడు, తడబడడు, నేరుగా పోయి తలుపు కొడతాడు. వాడి వెనక ఇంకో నలుగురైదుగురు. మిగతా ఆటగాళ్లు గోల పెట్టారు. కంపెనీ నడిపే సార్ మా ఇద్దరికీ ఫోన్ చేసి, కథలు బయటికి పోతున్నాయి, ఎవరి దగ్గర పోతున్నాయో తేలకపోతే ఇద్దరినీ తీసేస్తానన్నారు.

నా దగ్గర పోవడం లేదని నాకు తెలుసు. ఇక మిగిలింది ఒక్కరే.

అప్పటినుంచి అక్క మాటలన్నీ నాకు వేరేగా వినబడ్డాయి. "గీ క్వెస్ట్ ఎప్పుడు తెరుస్తరు చెల్లె?" అని అడిగితే, ఈమెకెందుకు అంత తొందర అనుకున్నాను. సిగ్నల్ లేదని ఒక పూట ఫోన్ ఎత్తకపోతే, ఎవరితో మాట్లాడుతున్నదో అనుకున్నాను. వాళ్ల ఇంట్లో కొత్త స్కూటీ కొన్నారని సంబరంగా ఫోటో పంపింది. బండి బాగుందక్కా అని రాసి, ఫోటోను పెద్దది చేసి మరీ చూశాను. ఏం దొరుకుతుందని చూశానో నాకే తెలియదు. అనుమానం పట్టినప్పుడు నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందంటే, ఆ చురుకు చూసి నాకే ముచ్చటేస్తుంది.

చివరికి ఒక ఉచ్చు పన్నాను. అప్పుడు మేమిద్దరం రాస్తున్నది మునిగిన ఊరి క్వెస్ట్. ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయిన ఊరు ఎండలకు నీళ్లు తగ్గి బయటపడుతుంది. ఇండ్లకు గోడల్లేవు, మొండి పునాదులే ఉన్నాయి. ఆ ఊరి దేవత ఒక ఇంటి గడప కింద దాక్కుంది. ఆ ఇల్లు ఎవరిదో కనిపెట్టి, గడపకు పసుపు రాస్తే ఆమె బయటికి వస్తుంది. అక్కా నేనూ కలిసి అది మంత్రసాని ఇల్లని ఖాయం చేసుకున్నాం. ఊరందరినీ మొదట ఎత్తుకున్నది ఆమే కదా. మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు నేను సార్ ఒక్కరికే ఫోన్ చేసి, జవాబు మార్చమన్నాను. మంత్రసాని ఇల్లు కాదు, కుమ్మరి ఇల్లు. అక్కకు చెప్పలేదు.

పదింటికి క్వెస్ట్ తెరిచారు. ఆ ఆటగాడు వచ్చాడు. ఊరంతా వదిలేసి నేరుగా మంత్రసాని ఇంటి పునాది దగ్గరికి పోయి పసుపు రాశాడు. ఏమీ కాలేదు. మళ్లీ రాశాడు. వాడి వెనక వచ్చిన నలుగురూ అక్కడే నిలబడి రాశారు. నేను తెర ముందు కూర్చుని చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను, చెప్పుకోవడానికి సిగ్గవుతోంది.

సార్‌కు అన్నీ రాసి పంపాను. ఉచ్చు, ఫోన్ ఎత్తని పూట, స్కూటీ కూడా. మూడో రోజుకు అక్క పని పోయింది. ఆమె నాకు ఒక్క మెసేజ్ పెట్టింది: "నువ్వు నా పేరు చెప్పినవట గద చెల్లె." నేను జవాబివ్వలేదు. దొంగలు అలాగే అంటారనుకున్నాను.

పది రోజులు గడిచాయి. అవ్వ ఫోన్‌లో జాగా నిండిపోయి ఏదీ తెరుచుకోవడం లేదంటే, పాతవి తీసేద్దామని కూర్చున్నాను. అవ్వకు చదవరాదు కాబట్టి గల్ఫ్‌లో ఉన్న మా అన్న వాయిస్ మెసేజ్‌లే పంపుతాడు. తీసేసే ముందు ఒక్కొక్కటి విన్నాను. అందులో ఒకటి ఇది.

"అవ్వా, గీ కథ తప్పు చెప్పినవు. మంత్రసాని ఇంటికాడ ఏం లేదు. మేం పరేషాన్ అయినం. రెండు దినాలు దేవులాడితే కుమ్మరోళ్ల ఇంటికాడ దొరికింది. జర మంచిగ విని చెప్పరాదు!"

మళ్లీ విన్నాను. వెనక ఎవరెవరో నవ్వుతున్నారు.

అవ్వ బీడీల చాట ముందు ఉంది. అడిగాను. ఆమె తలెత్తకుండానే చెప్పింది.

"నేనే చెప్పిన. ఎందుకు చెప్పద్దు?"

"బయట ఎవ్వలకు చెప్పద్దు గదనే అవ్వా, నా కథలు!"

"నీ అన్న బయటోడా? బాపు సంగతి చెప్పకు, ఆడ ఫికర్ పెట్టుకుంటడు, వేరే ఏదన్న ముచ్చట చెప్పు అని నువ్వే అంటివి. నా దగ్గర ఏం ముచ్చటున్నది బిడ్డా? పొద్దంత బీడీలు, బాపు. అందుకే నువ్వు చెప్పిన కథలే వానికి చెప్పిన. మస్తు ఇష్టంగ ఇంటడు."

ఆ మాట నేనే అన్నాను. బాపు అంటే మా నాన్న. ఎండాకాలం మొదట్లో ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. మా దిక్కు గల్ఫ్ పోయినవాళ్లకు ఇంటి కష్టం చెప్పరు; చెప్తే అక్కడ అన్నం తినరు, సెలవు దొరకదు, ఊరికే ఏడుస్తారని. వీడియో కాల్ వస్తే బాపును ఎడమ పక్కకు తిప్పి కూర్చోబెట్టి, కుడి భుజం మీద తువ్వాలు కప్పేవాళ్లం. మిగతా మాటలన్నీ అవ్వ మీద వదిలేశాను. ఉచ్చు పన్నిన రోజు ఈ జవాబు ఎవరెవరికి తెలుసని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. రెండే వేళ్లు మడిచాను. మూడు రోజుల ముందే అవ్వకు చెప్పి, మంత్రసాని మాట రాగానే ఆమె చేతులు ఆగడం చూసి మురిసిపోయిన మనిషిని నేను. అవ్వ నాకు గుర్తే రాలేదు.

అన్నకు ఫోన్ చేశాను. ఆ కథలు నావేనని వాడికి తెలుసట. వాడి రూములో అందరూ ఆ ఆటే ఆడతారట. "మా చెల్లె రాసిందని అందరికీ చెప్పిన. నువ్వు తిడతవని నీకే చెప్పలే," అన్నాడు. వాడి గొంతులో గర్వం వినబడింది. కోపం తెచ్చుకోబోయాను, కానీ నా రోగం మధ్యలో అడ్డం వచ్చింది.

"మంగళవారం పొద్దుగాల నువ్వు డ్యూటీల ఉండాలె గద అన్నా?"

వాడు గొంతు తగ్గించాడు. "మా కంపెనీ మూసిండ్రు. మూడు నెలలయింది. రూంలనే ఉంటున్నం. అవ్వకు చెప్పకు," అన్నాడు.

అప్పుడు నేను బాపు సంగతి చెప్పేశాను. ఇద్దరం ఏడ్చాం. ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుని మేం ఆడిన అబద్ధాలకు, ఇవేవీ తెలియక నమ్మకంగా పనిచేసుకున్న మనిషి బలైపోయింది. ఆ మాట అన్నకు ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు.

సార్‌కు నిజం రాశాను. తప్పు నాదేనన్నాను. ఆయన, అక్క జాగాలోకి ఇంకొకరిని తీసుకున్నామని, ఇకనుంచి కథలు ఇంట్లో కూడా చెప్పొద్దని అన్నారు. నన్ను తీసేయలేదు. తీసేస్తే బాగుండేదని ఆ రోజు అనిపించింది.

మరునాడు పొద్దున బస్సెక్కాను. జగిత్యాల మీదుగా నిర్మల్, అక్కడ మారి ఆదిలాబాద్. దారి పొడుగునా ఏం చెప్పాలో కట్టుకుంటూ పోయాను. క్వెస్టుల్లో ఎందరితోనో క్షమాపణలు చెప్పించాను, నా దగ్గరకు వచ్చేసరికి ఒక్క వాక్యం నిలబడలేదు.

అక్క తలుపు తీసి, ఒక నిమిషం చూసి, లోపలికి రమ్మంది. మంచినీళ్లు ఇచ్చింది. జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. తినేదాకా ఏమీ అడగలేదు. నేను అంతా చెప్పాను. బాపు చేయి, అవ్వ బీడీలు, అన్న రూము, నా ఉచ్చు. దాచకుండా స్కూటీ సంగతి కూడా చెప్పాను. ఆమె అడ్డం రాకుండా వింది.

"అవ్వది ఏం తప్పు లేదు," అంది చివరికి. "బాపు ఎట్లున్నడు ఇప్పుడు?"

"నయమే అక్కా. నన్ను తిట్టు. కొట్టు."

"ఎందుకు తిడత? ఒక్కసారి ఫోన్ చేసి, అక్కా నువ్వేనా అని అడుగుతవనుకున్న. అడగలే."

ఆమె కంచం తీసి పక్కన పెట్టింది.

"నువ్వు రాసి పంపకముందే సార్ నన్ను అడిగిండు, తెలుసా? మీ ఇద్దర్ల మీ చెల్లెనే అయి ఉంటదా అన్నడు. కాదు సార్, ఆమె అసుంటిది కాదు అన్న."

"నీకు నా మీద అనుమానమే రాలేదా అక్కా?"

"ఎందుకు రాలే? వచ్చింది. నేను కాకపోతే నువ్వే గద. నిద్రపట్టక పొర్లిన. ఆ స్కూటీ ఫోటో పంపింది కూడ, నువ్వు పైసల ముచ్చట ఏమన్న తీస్తవేమో చూద్దామనే." ఆమె నన్ను సూటిగా చూసింది. "కాని సార్ అడిగితే నీ పేరు నా నోట్ల రాలే."

నేను పీట మీదే కూర్చుండిపోయాను. నాకు వచ్చిన అనుమానమే ఆమెకూ వచ్చింది. ఆమె దాన్ని గుండెలో పెట్టుకుని నన్ను కాపాడింది, నేను దాన్ని రుజువులతో సహా రాసి పంపాను. క్షమించమని అడగడానికే అంత దూరం పోయాను. అడగలేక, చేతులు కడుక్కుని లేచాను.