స్టీఫెన్ తప్పులు

రోజూ కోదాడ బస్సులో సూర్యాపేట వచ్చి మా జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే స్టీఫెన్‌కు ఒకటే అలవాటు. బోర్డు మీద జవాబు మొదట తప్పుగా రాస్తాడు. అదీ భయంభయంగా కాదు. బోర్డు అదిరేలా రాసి, కింద రెండు గీతలు కొట్టి, చేతులు దులుపుకుంటాడు.

ఎలిమినేషన్ చర్యలు వచ్చాయంటే ఇక పండగే. అణువులోంచి బ్రోమిన్, పక్క కార్బన్ మీది హైడ్రోజన్ వెళ్లిపోతే అక్కడ ద్విబంధం ఏర్పడుతుంది. ఏ పక్క హైడ్రోజన్ పోయిందన్నదాన్ని బట్టి రెండు పదార్థాలు రావచ్చు. ఎక్కువ వచ్చేది మేజర్, తక్కువ వచ్చేది మైనర్. స్టీఫెన్ ఎప్పుడూ మైనర్‌నే తెచ్చి మేజర్ పీట మీద పెళ్లికొడుకులా కూర్చోబెట్టేవాడు.

పక్క గదిలో ఫిజిక్స్ చెప్పే నేను ఓసారి మెల్లగా కదిపితే, ఏది మేజరో తనకు అనుమానమే లేదన్నాడు.

సంగతి ప్రిన్సిపాల్ సత్యనారాయణగారి దాకా పోయింది. ఆయన నన్ను వెంటబెట్టుకుని అతని క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. స్టీఫెన్ ఉద్యోగం ఊడుతుందని నా భయం. అతను మాత్రం 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్ వేసి, హైడ్రోజన్‌ను లాగే బేస్‌గా ఆల్కహాలిక్ పొటాష్ కలిపి, చివరి కార్బన్ దగ్గర ద్విబంధం పెట్టి రెండు గీతలు కొట్టాడు.

చివ్వెంల నుంచి వచ్చే సౌందర్య లేచింది. హాజరు పిలిచినా నోరు తెరవక చెయ్యెత్తే పిల్ల.

"సార్, మీరు రాసింది మైనర్. మధ్యల డబుల్ బాండ్ ఉన్నదే మేజర్. దాని సుట్టు కార్బన్లు ఎక్కువుంటయ్, గట్టిగ నిలుస్తది."

ప్రిన్సిపాల్ ముఖం ఎర్రబడింది. అది చూసిన సౌందర్య కూర్చోలేదు.

"కానీ బేస్ లావుదైతే సార్ రాసిందే కరెక్ట్. నిండిన బస్సుల మూటతోటి ఎక్కినోడు లోపలికి పోలేడు, డోర్ కాడనే నిలవడతడు. లావు బేస్ గూడ గంతే. అంచుకు అందిన హైడ్రోజన్‌నే గుంజుకుంటది."

క్లాసంతా నవ్వింది. ప్రిన్సిపాల్ కూడా నవ్వి, పిల్లను మెచ్చుకుని, స్టీఫెన్‌ను జర చూసి రాయమని చెప్పి వెళ్లిపోయారు.

స్టాఫ్‌రూములో నిలదీశాను.

"నేను కరెక్ట్ రాస్తే ఆ పిల్ల నోట్సుల ఎక్కించుకొని కూసుంటదండి" అన్నాడు స్టీఫెన్. "తప్పు రాస్తేనే గదా లేసేది. జూన్ నుంచి ఎదురుచూస్తున్నా."

ఉద్యోగం పోయుంటే ఏం చేసేవాడివన్నాను. కోదాడలో ట్యూషన్ చెప్పుకునేవాణ్ణని తాపీగా చాయ్ ఊదుకున్నాడు.

ఇప్పుడు సౌందర్య నా క్లాసులో కూడా లేస్తోంది. నిన్న రెండుసార్లు లేచింది. రెండుసార్లూ తనదే రైటు. నేనేమో కావాలని తప్పు రాసినవాణ్ణి కాదు.