పసుపు పొట్లంతో ప్రెస్సుల వేట

ఇంట్లోనే కూర్చుని పెళ్ళి కార్డులకీ కరపత్రాలకీ బొమ్మలు గీసి ఇవ్వడం మొదలుపెట్టి అప్పటికి ఏడాదైంది. మా చర్చి జూబిలీకి గీసిన కార్డు చూసి ముచ్చటపడి, కొత్తపేట కామేశ్వరమ్మగారు తమ అమ్మాయి శుభలేఖ నన్నే వెయ్యమన్నారు. ఒకటే షరతు. శుక్రవారం సాయంత్రానికల్లా మంచి ప్రెస్సు కుదుర్చుకుని వచ్చి చెప్పాలి, లేకపోతే రాజమండ్రి నుంచి తయారు కార్డులు తెప్పించుకుంటారు. ఈ సంగతి విని మా బావగారు, "నువ్వు చెబితే ప్రెస్సువాడు వింటాడా అమ్మాయ్?" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. శుక్రవారం ఉదయం ఆరున్నర బస్సుకి తాటిపాకలో ఎక్కేశాను.

పాశర్లపూడి రేవులో దిగి, పడవలో అవతల బోడసకుర్రుకి దాటితే అమలాపురం బస్సు దొరుకుతుంది. వానాకాలంలో అయితే గన్నవరం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడమే మేలు. ఆ రోజు గోదావరి నిమ్మళంగా ఉంది. అట్టల మధ్య దాచిన బొమ్మ తీసి ఒకసారి చూసుకున్నాను. నాలుగు మూలల్లోనూ బంగారు రంగు మల్లెతీగ, ఎంత బాగా కుదిరిందో!

పక్కన అరటిగెల పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ తొంగి చూసింది. "తీగ బాగుందమ్మా. మరి పసుపెక్కడ పెడతారు?" అంది.

మాది చర్చి కుటుంబం. మా కార్డుల మీద శిలువ ఉంటుంది గాని పసుపు ఉండదు. ఇంటికొచ్చిన శుభలేఖల మూలల్లో పసుపు మరకలు ఎన్నిసార్లు చూశానో, వాటికి చోటు వదలాలని మాత్రం తట్టలేదు. పంచేముందు ప్రతి కార్డుకీ నాలుగు మూలలా తడిపసుపు పెడతారని ఆవిడ చెప్పింది. బంగారు రంగంటే ప్రెస్సులో జిగురు సిరా మీద పొడి జల్లుతారు. తడి తగిలితే ఆ పొడి నిలుస్తుందా?

అమలాపురంలో దిగి పెసరట్టు తిన్నాను. అల్లం పచ్చడి బాగుంది, కాఫీ మాత్రం చల్లారిపోయింది. పక్క కొట్లో పసుపు పొట్లం కట్టించుకుని, ఊళ్ళో పెద్ద మిషనున్న ప్రెస్సుకి వెళ్ళాను. వాళ్ళు బంగారు రంగుతో వేసిన పాత శుభలేఖ ఒకటి అడిగి తీసుకుని మూలన తడిపసుపు పెట్టాను. బంగారమంతా నా వేలికి వచ్చేసింది. యజమానికి కోపం వచ్చింది. పసుపు అలా అదిమి పెడతారా అని నన్నే తప్పు పట్టి, తన దగ్గర అరటిచెట్ల అచ్చులు తయారుగా ఉన్నాయని, పేర్లు మార్చుకుంటే చాలని, నా బొమ్మతో పనేమిటని అడిగాడు. నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను.

పన్నెండు గంటల కొత్తపేట బస్సులో నిలబడడానికే చోటు లేదు. కండక్టరు నా అట్టలు తీసుకుని తన సీటు వెనక భద్రంగా పెట్టాడు. ఆ దారంతా బావగారి నవ్వే చెవుల్లో మోగింది.

కొత్తపేటలో సత్యంగారి ప్రెస్సు ఇంటి ముందుగదిలోనే ఉంది. కాలితో తొక్కే చిన్న మిషను. ఆయన కార్డు మీదా పసుపు పెట్టాను. అదీ చెదిరిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన ఆ కార్డుని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశారు. ఇంకో కార్డు తెచ్చి తనే పసుపు పెట్టి చూసుకున్నారు.

"ఆయ్, పోయిందండి. మాదీ నిలవలేదు," అన్నారు. తరవాత నా వైపు తిరిగి, "ఏం చేద్దామంటారు?" అని అడిగారు.

ఏడాదిగా ఎన్ని ప్రెస్సుల గుమ్మాలెక్కానో, ఈ మాట ఒక్కరూ అడగలేదు. తెల్లకాగితం అడిగి ఆయన బల్ల మీదే కూర్చుని మళ్ళీ గీశాను. తీగని మూలల్లోంచి తప్పించి అంచుల మధ్యకి తెచ్చాను. నాలుగు మూలలూ ఖాళీగా వదిలాను. నిజం చెప్పొద్దూ, మొదటిదానికన్నా ఇదే అందంగా వచ్చింది. గీసింది గీసినట్టే వేస్తానని, మొదటి కాగితం నాకు చూపించాకే మిగతావి వేస్తానని సత్యంగారు మాటిచ్చారు. నా ప్రెస్సు దొరికింది.

నాలుగింటికి కామేశ్వరమ్మగారింట్లో ఉన్నాను. ఆవిడ బొమ్మ మీద కాసేపు చూపు నిలిపి, ఖాళీ మూలని వేలితో తడిమారు.

"మీరు చర్చివాళ్ళు కదండీ. ఇక్కడ చోటు వదలాలని ఎవరు చెప్పేరు?"

పడవలో పెద్దావిడ సంగతి చెప్పాను. ఆవిడ నవ్వి, నా పొట్లంలోని పసుపే అరచేతిలో తడిపి నాలుగు మూలలా పెట్టారు. రాజమండ్రి కబురు మానేస్తామన్నారు. పూతరేకులు తినిపించి గాని వదల్లేదు.

ప్రెస్సు వెతుక్కుంటూ ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేదొకటే. మిషను ఎంత పెద్దదో చూడకండి, అచ్చు పాడైనప్పుడు యజమాని ముఖం చూడండి. తిరుగు పడవలో పసుపు చెదరకుండా ఆ కాగితాన్ని ఒళ్ళో పరుచుకుని మహారాణిలా కూర్చున్నాను.

తాటిపాకలో బస్సు దిగేసరికి చీకటి పడుతోంది. సెంటర్లో బావగారు ఎదురయ్యారు.

"ఏమ్మాయ్, విన్నాడా ప్రెస్సువాడు?"

కాగితం విప్పి ఆయన చేతికిచ్చాను.

"విన్నారండి బావగారూ. ఏం చేద్దామని నన్నే అడిగేరు."