మీట నొక్కితే ఆరిపోయిన పెట్టె

భానుశ్రీ పుట్టింది, పెరిగింది సముద్రం మధ్య దీవుల్లోని బాంబూఫ్లాట్ అనే ఊళ్లో. శ్రీకాకుళం తీరం నుంచి తాతల నాడు వలలతో సహా వచ్చి స్థిరపడ్డ కుటుంబం. తండ్రి దాలయ్య ఇప్పటికీ డింగీ అనే చిన్న ఇంజన్ పడవ వేసుకుని చేపల వేటకి వెళతాడు. ఆమె మాత్రం పొద్దున్నే ఫెర్రీ ఎక్కి రేవు దాటి, డిగ్నాబాద్‌లో ఒక మేడమీది చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవాలంటే కూడబలుక్కోవాలి. అడా అనే కంప్యూటర్ భాషను మాత్రం గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది.

ఆ కంపెనీ డింగీలకు బిగించే ఒక పెట్టెను తయారుచేస్తోంది. పెట్టె తనంతట తాను పడవ ఎక్కడుందో ఒడ్డుకు చెబుతూ ఉంటుంది. ఎర్ర మీట నొక్కితే ఆపద అని చెబుతుంది. ఈ రెండు రకాల కబుర్లకీ భానుశ్రీ ఒకటే రికార్డు రాసింది. మొదటి గడిలో కబురు ఏ రకమో ఉంటుంది. దాన్నిబట్టి కింది గడులు మారిపోతాయి. వేరియంట్ రికార్డు అంటారు దాన్ని. మెమరీలో ఆ రికార్డు ఎక్కడుందో చూపించడానికి ఒక పాయింటర్ పెట్టింది. అడా రకాల దగ్గర మహా మొండిది. ఒక రకమని చెప్పినదాన్ని ఇంకో రకంగా వాడబోతే పని ఆపేస్తుంది. ఆ మొండితనమంటేనే ఆమెకు ఇష్టం.

ఆఫీసులో పరీక్షలన్నీ బాగానే జరిగాయి. మొదటి పెట్టెను తండ్రి డింగీకే బిగించారు.

ఒకరోజు నడిసముద్రంలో దాలయ్య ఇంజన్ ఆగిపోయింది. ఎర్ర మీట నొక్కాడు. ఆఫీసు తెర మీద మాత్రం ఆయన పడవ పచ్చటి చుక్కలా, అంతా క్షేమమన్నట్టు కనిపిస్తూనే ఉంది. భానుశ్రీ దాన్ని చూసి నిశ్చింతగా టీ తాగింది. అటుగా వచ్చిన వేరే డింగీ వాళ్లు తాడు కట్టి లాక్కురాకపోతే ఆయన ఎటు కొట్టుకుపోయేవాడో!

"నొక్కీసరికి పెట్టి మీద దీపం ఆరిపోనాదే అమ్మా. మల్లీ దానంతటదే ఎలిగింది. మల్లీ నొక్కినాను, మల్లీ ఆరిపోనాది," అన్నాడు దాలయ్య, తడిసిన లుంగీ పిండుకుంటూ.

తల్లి బుల్లెమ్మ కూతురి ముఖంలోకి ఒకసారి చూసి, ఆయనకు పొడి లుంగీ అందించింది. భానుశ్రీకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఆఫీసులో ఆమె సీనియర్ గోపీచంద్ ప్రోగ్రాం తెరిచి చూసి తేల్చేశాడు. "అడా ఎక్కడో తప్పు పడుతున్నాది భానూ. అందికే పెట్టె ఆగిపోయి మల్లీ మొదలవుతున్నాది. ఆ రకాల చెకింగ్ బంద్ చేసీ. బస్, ఖతమ్."

"బంద్ చేస్తే తప్పు పోతాదా భయ్యా?"

"పెట్టె ఆగదు గదా!"

చెకింగ్ తీసేసి ఆయనే బల్ల మీద పరీక్షించాడు. మొదట పెట్టెను కాసేపు మామూలుగా నడవనిచ్చి, అప్పుడు మీట నొక్కాడు. దీపం ఆరలేదు. ఆపద కబురు తెర మీదికి వచ్చింది. వచ్చింది గాని, ఎక్కడా లేని పడవ నంబరుతో వచ్చింది. గోపీచంద్ ఆ నంబరు చూసి కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఎవుళ్ని ఎతుకుతాం దీంతోటి? నువ్వే చూడు," అన్నాడు.

చెకింగ్ మళ్లీ పెట్టి, భానుశ్రీ మొదటి వరుస నుంచి చదువుకుంటూ వచ్చింది. తప్పు తను రాసినచోటే ఉంది. పాయింటర్ చూపించే రికార్డు, పుట్టినప్పుడు ఏ రకమైతే చివరిదాకా ఆ రకమే. సముద్రంలో ముందుగా వెళ్లేది పడవ జాడ కాబట్టి అది జాడ రికార్డుగా పుట్టింది. అందులోనే ఆపద కబురు రాయబోతే అడా ఒప్పుకోలేదు. చెకింగ్ తీసేస్తే ఆ కబురు చోటు చాలక, పక్కనున్న పడవ నంబరు మీదికి పొర్లింది. మొదట్లో ఆఫీసులో పెట్టె వెయ్యగానే మీట నొక్కి చూసి, ఆపద కబురు రాగానే ఆపేశారు. అప్పుడు రికార్డు ఆపద రకంగానే పుట్టింది గనక తప్పు బయటపడలేదు.

ఆమె రెండు రకాలకీ రెండు రికార్డులు ముందే వేరుగా పుట్టించింది. మీట నొక్కితే ఉన్న రికార్డును మార్చకుండా, పాయింటర్‌ను రెండోదాని వైపు తిప్పింది. మార్చింది కొద్ది వరుసలే.

దాలయ్య మాత్రం పెట్టెను మళ్లీ ఎక్కించుకోవడానికి ఇష్టపడలేదు. "అది ఉన్నాదని ధైర్యం సేసే అంత దూరం ఎల్లినాను," అన్నాడు. భానుశ్రీ బతిమాలలేదు. సెలవురోజు తనే డింగీ ఎక్కి ఆయనతో బయల్దేరింది. ఒడ్డు సన్నని గీతయ్యేదాకా పోయాక మీట నొక్కింది. దీపం వెలుగుతూనే ఉంది. కాసేపటికి గోపీచంద్ ఫోన్ చేసి, నంబరు సరిగ్గానే వచ్చిందని చెప్పాడు. దాలయ్య డింగీని ఇంటివైపు తిప్పాడు. పెట్టెను మాత్రం విప్పెయ్యమనలేదు.

వానాకాలానికల్లా ఆ పెట్టెలు ఇంకొన్ని డింగీలకూ ఎక్కాయి. ఒకరోజు పక్క ఊరు హోప్ టౌన్‌లో ఉండే అప్పలరాముడి డింగీ నుంచి ఆపద కబురు వచ్చింది. భానుశ్రీ తింటున్న టిఫిన్ వదిలేసి ఫోన్లు చేసింది. సాయంత్రానికి అతన్ని జెట్టీకి చేర్చారు. అతను పెట్టె సంగతే ఎత్తలేదు. ఇంజన్ మెకానిక్‌ను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ దిగి, ఇంటికి పోయాడు.