పింఛను కోసమని పిలిచిన రిజిస్ట్రేషన్

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు నన్ను కర్నూలు శివారులోని ఒక కార్యాలయానికి సబ్ రిజిస్ట్రారుగా వేశారు. కల్లూరు వైపు కొత్త ఇళ్ళు లేచేకొద్దీ అక్కడి జనానికి పెద్దవాళ్ళ మీద ప్రేమ కూడా పెరుగుతూ వచ్చింది. ముఖ్యంగా, సొంత ఇల్లు ఉన్న పెద్దవాళ్ళ మీద.

మా శాఖలో ప్రైవేట్ అటెండెన్స్ అనే ఏర్పాటు ఒకటుంది. దస్తావేజు రాసిచ్చే మనిషి మంచం పట్టి కార్యాలయానికి రాలేకపోతే, అదనపు రుసుం కట్టించుకుని సబ్ రిజిస్ట్రారే ఇంటికి వెళతాడు. చట్టం ఇంత దయ చూపించడం అరుదు కాబట్టి జనం దాన్ని వృథా పోనివ్వరు.

ఒక వేసవిలో ఇనుప సామాన్ల కొట్టు నడిపే ఒకాయన అలాంటి దరఖాస్తు తెచ్చాడు. పేరు మార్చి రమణయ్య అంటాను. అతని పెద్దమ్మ సుబ్బలక్ష్మమ్మకు భర్త పోయాడు, పిల్లలు లేరు. రమణయ్య కుటుంబమంతా ఉంటున్నది ఆమె ఇంట్లోనే. ఆ ఇంటిని ఇతనికి దానంగా రాసిచ్చేస్తోందట. ఆమెకు నడుం కింద పనిచేయడం లేదని ఒక డాక్టరు సర్టిఫికెట్టు కూడా జతచేశాడు.

"మా పెద్దమ్మ దేవత సార్. కన్నతల్లి కన్నా ఎక్కువగా చూసుకుంటాండాము" అన్నాడు. ఇలాంటి మాట విన్నప్పుడల్లా నేను దస్తావేజు ఇంకోసారి చదివేవాణ్ణి.

వేలిముద్ర యంత్రం పట్టుకుని మా గుమాస్తా, నేను వెళ్ళాం. ఆమె కొత్త చీర కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. పక్కన డాక్యుమెంట్ రైటరు, ఇద్దరు సాక్షులు. సాక్షులిద్దరూ రమణయ్య కొట్టులో జీతగాళ్ళు కాబట్టి వాళ్ళ నిష్పాక్షికతను శంకించలేం.

రాసిచ్చే మనిషికి విషయం తెలుసో లేదో సబ్ రిజిస్ట్రారు స్వయంగా అడగాలి. ఆ శ్రమ నాకు తప్పించాలని రమణయ్య చాలా తాపత్రయపడ్డాడు.

"అంతా చదివి వినిపించినాము సార్. ఎండ శానా ఉండాది, మీరు వేలిముద్ర తీసుకోని పోండి."

నా ఆరోగ్యం మీద అతని శ్రద్ధకు కృతజ్ఞత చెప్పి, మంచం పక్కన కూర్చుని, ఈ కాగితం దేనికో తెలుసా అని ఆమెను అడిగాను.

"తెలీకేమప్పా? పింఛనుకు. వేలిముద్ర పడక ఆగిపోయినాదంట గదా! ఆఫీసరే ఇంటికి వస్తాండాడని మావాడు చెప్పినాడు."

ఇది పింఛను కాదని, ఇల్లు రమణయ్యకు ఇచ్చేస్తున్నట్టు రాసి ఉందని చెప్పాను. ఆమె అతని వైపు తిరిగింది. కేకలు వేయలేదు.

"ఏరా రమణా, నేను పోయినాక నీకే గదరా. ఇట్ల చేయాల్నా?"

రమణయ్య నా చెవి దగ్గరికి వంగాడు. "ఆమెకు మతి సరిగ్గా ఉండదు సార్. అప్పుడప్పుడు ఇట్లే మాట్లాడతాది."

మతి లేని మనిషి రాసిచ్చిన దస్తావేజు అసలు చెల్లదు కాబట్టి, ఆ సంగతి బయటపెట్టినందుకు అతనికి ధన్యవాదాలు చెప్పాను. డాక్యుమెంట్ రైటరు తల పట్టుకున్నాడు. ఆ గదిలో చట్టం తెలిసిన రెండోవాడు అతనే.

రాసిచ్చిన మనిషే కాదంటే రిజిస్ట్రేషన్ నిరాకరించి, కారణం రెండో నంబరు పుస్తకంలో రాయాలి. అంతటితో నా బాధ్యత తీరుతుంది. నేను లేచాను. నడుం కింద పనిచేయని సుబ్బలక్ష్మమ్మ కూడా మంచం దిగి నిలబడింది.

"కాళ్ళు బాగనే ఉండాయప్పా. చెప్పులు దాచిపెట్టినారు, తలుపుకు బయట గడియ పెడతాండారు. యాడికని పోయేది? నన్ను గూడా తోడుకోని పో."

సర్టిఫికెట్టులో చెప్పుల ప్రస్తావన లేదు. గడప దగ్గరున్న రమణయ్య భార్య చెప్పులు తొడుక్కుని ఆమె మా వెంట నడిచింది. ఆపబోయిన రమణయ్యను, పోలీసులను పిలవమంటావా అని అడిగాను. పక్కకు జరిగాడు.

రాసిచ్చే మనిషిని కారులో ఎక్కించుకోమని మా నిబంధనల్లో లేదు. వద్దని కూడా లేదు. నేరుగా ఆర్డీవో కార్యాలయానికి తీసుకెళ్ళాను. వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్ ఆయన దగ్గరే ఉంటుంది. వకీలు అక్కరలేదు. పిల్లలు లేనివాళ్ళు తమ ఆస్తికి వారసులు కాబోయే బంధువుల మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. చాలా మంచి చట్టం. దాని దాకా చేరాలంటే గది తలుపు బయటనుంచి ఎవరో ఒకరు తీయాలి, అంతే.

ఆమె ఇచ్చిన ఫిర్యాదు మీద విచారణ ముగిసేదాకా తన తమ్ముడి ఇంట్లో ఉంది. పెద్దమ్మకు తాను అన్నం తినిపిస్తున్న ఫోటోలు రమణయ్య ట్రిబ్యునల్ ముందు పెట్టాడు. ఏ ఫోటోలోనూ ఆమె గది దాటి బయట లేదు. పోషణ కింద నెలనెలా ఎంత కావాలని ఆర్డీవో ఆమెను అడిగారు.

"వాని దుడ్లు నాకొద్దప్పా. వాడు నా ఇంట్లో ఉండకూడదు."

ఇల్లు ఖాళీ చేయమని ఆదేశం వచ్చింది. అది విని ఆమె సంతోషపడలేదు. "ఎత్తుకోని పెంచినోన్ని" అని మాత్రం అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. రమణయ్య కొట్టు వెనక అద్దె ఇంటికి మారాడు. తర్వాత బజారులో కనబడి, పచ్చని కుటుంబాన్ని విడదీశానని నన్ను నిందించాడు.

దస్తావేజులో ఏముందో తెలుసా అని అడగమంటాయి మా నిబంధనలు. ఆ ప్రశ్నకు దాదాపు అందరూ తెలుసనే అంటారు. సుబ్బలక్ష్మమ్మ కేసు తర్వాత ఇళ్ళకు వెళ్ళినప్పుడు బంధువులందరినీ వీధిలోకి పంపి, నేనెవరినని మీకు చెప్పారు అని మొదట అడిగేవాణ్ణి. ఒకరు బ్యాంకు మనిషి అన్నారు, ఒకరు రేషన్ కార్డు ఆఫీసరన్నారు, ఒక ముసలాయన చెయ్యి చాపి నాడి చూడమన్నాడు. సరిగ్గా చెప్పినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ దస్తావేజులు అదే రోజు రిజిస్టరు చేశాను.