ట్యాంకులో టిఫిన్ డబ్బా

ఫిల్మ్ నగర్‌లో ఒక రేకుల షెడ్డులో ఆయన సినిమాల కోసం యుద్ధ ట్యాంకుల నమూనాలు చేసేవారు. సినిమా పనుల్లో ఉన్న మేమంతా ఆయన్ని మాస్టారు అనేవాళ్లం. మూడడుగుల చెక్క ట్యాంకుకు రంగు ఆరాక, చక్రాలకు ఎర్రమట్టి పూసి ఒక కన్ను మూసి చూసేవారు. చివరికి మందుబిళ్లల రేకుతో గోరంత టిఫిన్ డబ్బా చేసి లోపల పెట్టి, పైమూత మూసేవారు. షూటింగులో ఆ ట్యాంకును పేల్చేస్తారని తెలిసీ పెట్టేవారు.

ఎందుకని అడిగితే, "లోపల సిపాయి ఒక్కడే కూసుంటడు, ఆకలైతది గద" అనేవారు.

ఊరంతా సాఫ్ట్‌వేర్ ఆఫీసులు లేస్తున్న రోజులవి. జూబ్లీ హిల్స్‌లో సినిమాలకు కంప్యూటర్ బొమ్మలు చేసే ఆఫీసులో నా ఉద్యోగం. అలాంటిదే కంప్యూటర్‌లో చేయడానికి ఆయన ట్యాంకును ఫొటోలు తీసుకురమ్మని ఆఫీసువాళ్లు నన్ను పంపారు. ఇక ఆయన్ని ఎవరూ పిలవరని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా వెలుతురు పడేలా ట్యాంకును తానే తిప్పి చూపించారు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకు వచ్చారు. నేను కంప్యూటర్ తెర ముందే ఒక్కణ్నే కూర్చుని అన్నం తింటున్నాను. తెర మీది ట్యాంకును ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు.

"మంచిగ చేసినవ్ తమ్మీ. మట్టి గూడ అచ్చం గట్లనే ఉంది. లోపల డబ్బా పెట్టినవా?"

"దీనికి లోపలంటూ ఏమీ ఉండదండీ మాస్టారూ. పైపైనే చేస్తాం."

"మరి లోపలోడు?"

"ఎవరూ ఉండరండీ."

ఆయన జేబులోంచి గోరంత డబ్బా తీసి నా కీబోర్డు పక్కన పెట్టారు.

"అయితే నువ్వే ఉంచుకో. నువ్వు గూడ ఒక్కనివే కూసున్నవ్ గద."